బ్రెయిన్ స్ట్రోక్: మూతి వంకర పోయినా ‘కాసేపు చూద్దాం’ అంటున్నారు.. ఆ మూడు గంటలు ఇంట్లో ఏం జరుగుతోంది?

ఉదయం 6:30. టీ తాగుతుంటే ఆయన చేతిలోంచి గ్లాసు జారి కింద పడింది. "ఏమైందండీ?" అని భార్య అడిగితే ఏదో చెప్పబోయారు, మాట ముద్దగా వచ్చింది. ఏం లేదులే అన్నట్టు ఎడమ చేత్తో సైగ చేశారు. కుడి చెయ్యి మాత్రం లేవలేదు. రాత్రి సరిగా నిద్ర లేదు కదా, అందుకే అయ్యుంటుందని మంచం మీద పడుకోబెట్టారు.

7:15కి ఊళ్లో ఉండే ఆర్ఎంపీ వచ్చారు. బీపీ చూశారు, ఎక్కువే ఉంది. ఓ మాత్ర మింగించి, బలానికని ఓ ఇంజెక్షన్ చేసి, "గంట చూద్దాం" అన్నారు. 8:15కి హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. అతను మీటింగ్‌లో ఉన్నాడు. అరగంటకు తిరిగి చేశాడు. "బావకి ఫోన్ చేసి రమ్మను అమ్మా, ఒక్కదానివే ఎలా తీసుకెళ్తావ్" అన్నాడు. బావ వచ్చి, డబ్బులు సర్దుకుని, ఆరోగ్యశ్రీ కార్డు వెతుక్కుని ఆటో ఎక్కేసరికి 9:30 అయింది. 10 గంటలకు టౌన్‌లో నర్సింగ్ హోమ్‌కు చేరారు. అక్కడ సీటీ స్కాన్ లేదు. 10:20కి అంబులెన్స్ మాట్లాడుకుని బయల్దేరితే పెద్దాసుపత్రికి వచ్చేసరికి 11:40.

అక్కడ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఎన్నింటికి మొదలైంది?"

ఇది ఫలానా ఇంట్లో జరిగిన సంగతి కాదు, అనుకుని రాసిందే. కానీ స్ట్రోక్ వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరిని కదిపినా ఇంచుమించు ఇదే వరస వినిపిస్తుంది. ఇందులో ఒక్కసారి లెక్క చూడండి. రోడ్డు మీద, టౌన్‌లో కలిపి పోయింది 2 గంటల 10 నిమిషాలు. ఇంట్లో పోయింది 3 గంటలు. 6:50కే బయల్దేరి ఉంటే, టౌన్‌లో అదే తప్పు చేసినా 9 గంటలకల్లా పెద్దాసుపత్రిలో ఉండేవారు.

మరి ఆ మూడు గంటలు ఎందుకు పోతున్నాయి? నిర్లక్ష్యం అనేస్తే సులువుగా అయిపోతుంది కానీ అది పూర్తి నిజం కాదు. ఆ ఇంట్లో ఎవరూ ఊరికే కూర్చోలేదు. అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు.

ముందు గడియారం సంగతి

మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే వచ్చేది ఒక రకం స్ట్రోక్. నాళం చిట్లి రక్తం కారితే వచ్చేది రెండో రకం. మొదటి రకమే ఎక్కువ. పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో చికిత్స అందకపోతే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని అమెరికా న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు. అంటే గంటకు 11 కోట్లకు పైగా. మామూలుగా వయసు మీద పడితే మూడున్నరేళ్లలో జరిగే నష్టం ఇక్కడ ఒక్క గంటలో జరిగిపోతుందన్నమాట.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఆల్టెప్లేస్ అనే ఈ మందును స్ట్రోక్‌కు వాడేందుకు అమెరికా 1996లోనే అనుమతిచ్చింది. ఇప్పుడు టెనెక్టెప్లేస్ అనే మందును కూడా మన దేశంలో వాడుతున్నారు. మొదటి ట్రయల్‌లో మూడు గంటల్లోపు ఈ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లతో పోలిస్తే మూడు నెలల తర్వాత పెద్దగా లోపం లేకుండా తిరిగే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువని తేలింది. 2008లో వచ్చిన మరో ట్రయల్ ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది.

అయితే నాలుగున్నర గంటలు అనగానే "ఇంకా టైం ఉందిగా" అనుకోవద్దు. గంటన్నరలో తీసుకున్న ఇంజెక్షన్, నాలుగు గంటలకు తీసుకున్న ఇంజెక్షన్ ఒకేలా పనిచేయవు. ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గుతూ వస్తుంది. పైగా ఆసుపత్రి గేటు దాటగానే సూది వేయరు. ముందు స్కాన్ తీయాలి. గడ్డ వల్ల వచ్చిందా, రక్తం కారడం వల్ల వచ్చిందా అన్నది స్కాన్‌లోనే ఖాయంగా తెలుస్తుంది. రక్తం కారుతున్న మనిషికి గడ్డ కరిగించే మందు ఎక్కిస్తే ప్రాణం మీదకు వస్తుంది.

పేరులోనే తేడా

గుండెపోటు వస్తే మనవాళ్లు ఇంత ఆలోచించరు. ఛాతీ పట్టుకుని చెమటలు కక్కుతున్న మనిషిని చూస్తే పక్కింటివాళ్లు కూడా బండి తీస్తారు. నొప్పి అరుస్తుంది, ఇంటిల్లిపాదినీ లేపుతుంది. గడ్డ వల్ల వచ్చే స్ట్రోక్‌లో చాలామందికి నొప్పే ఉండదు. చెయ్యి బరువెక్కుతుంది, మాట తడబడుతుంది, నోట్లో నీళ్లు ఒక పక్క నుంచి కారిపోతాయి. అంతే. నొప్పి లేని జబ్బును ఎమర్జెన్సీ అని నమ్మడం ఎవరికైనా కష్టమే.

మన మాటల్లో కూడా ఇదే కనిపిస్తుంది. ‘గుండెపోటు’ అన్న మాటలో పోటు ఉంది, జబ్బు ఎక్కడ వచ్చిందో కూడా ఉంది. ‘పక్షవాతం’ అన్న మాటలో మెదడు ఊసే లేదు. ఒక పక్క, వాతం.. ఇంతే. ‘కాలూ చెయ్యీ పడిపోయింది’ అంటాం. అంటే జరిగిపోయిన దానికి పేరుంది కానీ, జరుగుతున్న దానికి లేదు. పక్షవాతం అనగానే మంచం, నూనె మర్దన, నెలల తరబడి ఫిజియోథెరపీ గుర్తొస్తాయి. ఈ గంటలోనే పరుగెత్తాల్సిన పని అని ఎవరికీ తట్టదు. "పక్షవాతానికి మందేముంది, ఎన్నాళ్లు పడుతుందో" అనే మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే. మందు ఉంది. అది మొదటి గంటల్లోనే ఉంది.

పోనీ ఇంగ్లిష్ మాట వాడదామంటే దానిదో గొడవ. ‘స్ట్రోక్ వచ్చింది’ అంటే మన దగ్గర సగం మందికి గుండె గుర్తొస్తుంది. ‘హార్ట్ స్ట్రోక్’ అని కూడా అనేస్తుంటారు. దాంతో గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఈసీజీ బాగుందంటే ఊపిరి పీల్చుకుని ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఈసీజీలో బ్రెయిన్ స్ట్రోక్ కనిపించదు.

జబ్బు పడ్డ మనిషికే తెలియదు

ఇంకో చిక్కుంది. స్ట్రోక్ దెబ్బకొట్టేది ‘నాకు బాగోలేదు’ అని తెలుసుకునే అవయవాన్నే. మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వచ్చిన కొందరికి ఎడమ చెయ్యి కదలడం లేదన్న సంగతే తెలియదు. "చెయ్యి ఎత్తండి" అంటే ఎత్తాననే చెబుతారు, నాకేం కాలేదని గట్టిగా వాదిస్తారు కూడా. ఫ్రాన్స్ న్యూరాలజిస్ట్ జోసెఫ్ బాబిన్స్కీ 1914లో దీనికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టారు. అది మొండితనం కాదు, అబద్ధమూ కాదు. జబ్బులో భాగం.

ఎడమ భాగంలో వస్తే చాలామందికి మాట పోతుంది. తెలిసినా చెప్పలేరు. ఇలాంటప్పుడు ‘నాకేం కాలేదు, పడుకుంటా’ అన్న మాటను పట్టుకుని ఆగిపోతే అంతే సంగతులు. "ఆయనే వద్దన్నాడు" అని ఆసుపత్రిలో చెప్పే కుటుంబాలు ఉంటాయి. ఆ ఒక్క పూటకు మాత్రం ఆయన మాట వినకూడదు.

అంటే నిర్ణయం పక్కనున్న వాళ్ల చేతుల్లో ఉంటుంది. పక్కన ఎవరూ లేకపోతే? ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల విషయంలో ఆలస్యం ఎక్కువన్నది చాలా దేశాల అధ్యయనాల్లో కనిపించిన విషయమే. మన దగ్గర ఇంకో రకం ఒంటరితనం ఉంది. ఇంటినిండా మనుషులుంటారు కానీ, ‘పదండి’ అనే అధికారం ఉన్న మనిషి ఆ టైంలో ఉండరు. అత్తగారి మూతి వంకర పోవడం కోడలు చూస్తుంది. అయినా భర్త పొలం నుంచి వచ్చేదాకా ఆగుతుంది. ఆ కోడలికి తెలియక కాదు. ఏమీ కాకపోతే అనవసరంగా హంగామా చేసిందన్న మాట పడాల్సి వస్తుందని.

గ్యాస్ అనుకున్నారు, షుగర్ అనుకున్నారు

తల తిరిగితే బీపీ డౌన్. చెయ్యి తిమ్మిరైతే నరాల బలహీనత. మాట తడబడితే షుగర్ పడిపోయింది. ఎండాకాలమైతే వడదెబ్బ, చలికాలమైతే చల్లగాలి సోకింది. ఆడవాళ్లకైతే అలసట అన్న మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇవన్నీ ఇంట్లో ఇంతకుముందు వచ్చి పోయినవే. అందుకే కొత్తగా వచ్చినదాన్ని కూడా తెలిసిన పేరుతోనే పిలుస్తాం. అన్నిటిలో తేడా చెప్పే గుర్తు ఒకటుంది. స్ట్రోక్ హఠాత్తుగా వస్తుంది, చాలావరకు ఒక పక్కనే వస్తుంది. నిమిషం ముందు బాగున్న చెయ్యి నిమిషం తర్వాత లేవలేదంటే అది నిద్రలేమి కాదు.

షుగర్ పడిపోయినా ఒక్కోసారి అచ్చం స్ట్రోక్‌లాగే కనిపిస్తుంది, అది నిజమే. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చూడండి, నిమిషం పని. కానీ అది అంబులెన్స్‌కు ఫోన్ చేశాక చెయ్యాల్సిన పని.

అన్నిటికంటే మోసం చేసేది ఇంకొకటి. పావుగంటకు చెయ్యి లేస్తుంది, మాట సరిగా వస్తుంది. "చూశావా, ఏం లేదన్నానా" అని అందరూ నవ్వేసుకుంటారు. దీన్ని టీఐఏ అంటారు, మామూలు మాటల్లో మినీ స్ట్రోక్. గడ్డ వచ్చి, అడ్డుపడి, దానంతట అది కరిగిపోయింది. అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే బాగా ఎక్కువ. ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో టీఐఏ, చిన్న స్ట్రోక్ వచ్చినవాళ్లకు ఆలస్యం లేకుండా పరీక్షలు చేసి మందులు మొదలుపెడితే, తొలి మూడు నెలల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు 80 శాతం తగ్గింది. 2007లో వచ్చిన అధ్యయనం ఇది. అంటే తగ్గిపోయిందని ఇంట్లో కూర్చున్న ఆ రోజే, ఆసుపత్రికి వెళ్తే అన్నిటికంటే ఎక్కువ లాభం ఉండే రోజు.

ఫోన్ ఎవరికి వెళ్తోంది?

మొదటి ఫోన్ ఎవరికి చేశారన్నదే చాలావరకు ఫలితాన్ని తేల్చేస్తుంది. అంబులెన్స్‌కు కాకుండా ముందు తెలిసిన డాక్టర్‌కు చేసినవాళ్లు ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారని బ్రిటన్‌లాంటి చోట్ల కూడా గమనించారు. మన ఊళ్లలో ఆ స్థానంలో ఆర్ఎంపీ ఉంటారు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. అర్ధరాత్రి పిలిచినా వచ్చేది ఆయనే. కానీ స్ట్రోక్‌కు ఆయన బ్యాగులో మందు లేదు. ఏ బ్యాగులోనూ ఉండదు, స్కాన్ లేకుండా ఎవరూ ఇవ్వలేరు కాబట్టి. సెలైన్ ఎక్కించి గంట చూస్తే ఆ గంట పోయినట్టే. అదే ఆయన చూసిన వెంటనే "ఇది స్ట్రోక్, పదండి" అంటే ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాళ్లుండరు. ఆయన మాటకు అంత విలువుంది.

తర్వాత ఫోన్ పిల్లలకు వెళ్తుంది. డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో నాన్న మొహం చూస్తాడు, ఆ వీడియో డాక్టర్ ఫ్రెండ్‌కు పంపుతాడు. అక్కడ అర్ధరాత్రి, ఆ ఫ్రెండ్ చూసేది పొద్దున్నే. నిజానికి దూరంగా ఉన్న పిల్లలు పనికొచ్చే సందర్భం కూడా ఇదే. రోజూ వినే గొంతు కాబట్టి మాట తేడాగా ఉంటే మొదట పట్టేసేది వాళ్లే. కాకపోతే విదేశం నుంచి 108 కొడితే మన ఊళ్లో అంబులెన్స్ రాదు. అమ్మానాన్నల పక్కింటివాళ్ల నంబర్ ఫోన్‌లో ఉండాలి. వాళ్లకు చెప్పాల్సింది "వెళ్లి ఒకసారి చూడండి" అని కాదు, "108కు చేయండి" అని.

ఇక వాట్సాప్ వైద్యం. స్ట్రోక్ వస్తే సూదితో పది వేళ్ల కొసలూ గుచ్చి రక్తం తీయాలి, చెవి తమ్మెలు లాగి గుచ్చాలి అనే మెసేజ్ ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. వేలి కొసలో నాలుగు చుక్కలు తీస్తే మెదడులో గడ్డ కరగదు. పావురం రక్తం పూయడం, పసరు పోయించడం, దిష్టి తీయడం.. వీటిలో కొన్ని నేరుగా హాని చేయకపోవచ్చు, కానీ టైం తినేస్తాయి. తొందరలో చేసే కొన్ని పనులు మాత్రం నిజంగానే హాని చేస్తాయి. మింగలేని మనిషి నోట్లో నీళ్లు, సోడా, పంచదార నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేస్తే మెదడుకు అందే కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది. గుండెపోటుకు ఇస్తారు కదా అని ఆస్పిరిన్ వేస్తే, అది రక్తం కారే రకం స్ట్రోక్ అయితే ఇంకా ప్రమాదం. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అంతే.

దగ్గర ఆసుపత్రి కాదు, స్కాన్ ఉన్న ఆసుపత్రి

ఇంట్లో ఆలస్యమే పెద్దదైనా, అంతా జనం మీదకు తోసేయడం న్యాయం కాదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. పాడేరు నుంచి విశాఖ రావాలంటే ఘాట్ రోడ్డు దిగాలి. అంత దూరం రోడ్డు మీద పడ్డాక నాలుగున్నర గంటలు ఎంతసేపు! ఈ సమస్యకు హిమాచల్ ప్రదేశ్ ఒక దారి చూపించింది. కొండ జిల్లాల్లో న్యూరాలజిస్టులు లేరు కాబట్టి, సీటీ స్కాన్ ఉన్న జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు స్కాన్‌ను ఫోన్‌లో మెడికల్ కాలేజీ న్యూరాలజిస్ట్‌కు పంపి, ఆయన సలహాతో అక్కడే ఇంజెక్షన్ ఇస్తారు. రోగి కొండ దిగే పని లేదు. ఇది 2014 నుంచి నడుస్తోంది.

అలాంటిది అందుబాటులో లేనిచోట ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. మీ ఊరికి దగ్గర్లో 24 గంటలూ సీటీ స్కాన్ ఉండి, స్ట్రోక్ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి, ఇంట్లో అందరూ బాగున్నప్పుడే. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లున్నా, గుండె దడ జబ్బు ఉన్నవాళ్లున్నా ఇది మరీ అవసరం. గేటు దగ్గర ‘మల్టీ స్పెషాలిటీ’ అన్న బోర్డు చూసి నమ్మేయకుండా ఫోన్ చేసి అడగండి. పై కథలో టౌన్‌కు ఆటోలో వెళ్లడం తప్పు కాదు, స్కాన్ లేని చోటికి వెళ్లడం తప్పు.

డబ్బు భయం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. ఇంజెక్షన్ ఖర్చు వేలల్లో ఉంటుంది, అప్పటికప్పుడు చేతిలో ఉండదు. అయితే డబ్బు సర్దుకున్నాకే కదలాలన్న వరసను మార్చుకోవచ్చు. మనిషిని ముందు పంపి, కార్డులు, డబ్బులు, దుప్పట్లు వెనకాల తెచ్చుకోవచ్చు. ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే అయ్యే ఖర్చు ముందు ఆ ఇంజెక్షన్ ఖర్చు ఏ పాటిది?

నిద్రలోనే వస్తే?

రాత్రి 10కి బాగానే పడుకున్నారు, ఉదయం 6కి లేచేసరికి కాలు కదలడం లేదు. దాదాపు ఐదు స్ట్రోకుల్లో ఒకటి ఇలా నిద్రలోనే వస్తుంది. డాక్టర్లు లెక్కపెట్టేది లేచిన టైం నుంచి కాదు, చివరిసారి బాగున్న టైం నుంచి. ఆ లెక్కన 8 గంటలు దాటిపోయాయి కాబట్టి ఇక తొందరేముందిలే అనుకోవద్దు. ఎంఆర్ఐలో మెదడు ఇంకా ఎంత బతికుందో చూసి, కొందరికి ఇప్పుడు కూడా ఇంజెక్షన్ ఇస్తున్నారు. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచో, మణికట్టు దగ్గర నుంచో సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగేసే పద్ధతి ఉంది. దాన్ని మామూలుగా 6 గంటల్లోపు చేస్తారు, స్కాన్‌లో అనుకూలంగా కనిపిస్తే 24 గంటల వరకూ చేస్తున్నారు. టైం దాటిందా లేదా అన్నది ఇంట్లో తేల్చే విషయం కాదు.

గుర్తులు తెలిసినా ఎందుకు కదలరు?

ముఖం, చెయ్యి, మాట, టైం.. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోమంటూ బ్రిటన్ 2009లో టీవీల్లో పెద్ద ప్రచారం చేసింది. జనానికి గుర్తులు తెలిశాయి. అయినా గుర్తులు చెప్పగలిగిన వాళ్లంతా తమ ఇంట్లో వచ్చినప్పుడు వెంటనే అంబులెన్స్ పిలవలేదు. చదివింది తెరమీద, జరుగుతున్నది వంటింట్లో. రెండింటినీ కలపడానికి టైం పడుతుంది. చైనా వాళ్లు ఇంకో ఉపాయం చేశారు. అక్కడ అంబులెన్స్ నంబర్ 120. ఆ అంకెల్లోనే గుర్తులు పెట్టేశారు. 1 అంటే ఒక ముఖం, వంకర పోయిందేమో చూడు. 2 అంటే రెండు చేతులు, ఒకటి పడిపోతోందేమో చూడు. 0 అంటే, చైనీస్‌లో ఆ అంకె పలికే తీరు ‘విను’ అన్న మాటకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, మాట తేడాగా ఉందేమో విను. పరీక్ష పూర్తయ్యేసరికి చేతిలో నంబర్ ఉంటుంది. గుర్తులకూ ఫోన్‌కూ మధ్య ‘చూద్దాం’ అనడానికి చోటు లేదు.

మనకు 108 ఉంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సర్వీసు అది, నంబర్ తెలియని ఇల్లు ఉండదు. నవ్వమనండి, మూతి ఒక పక్కకు లాగుతోందా? కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమనండి, ఒకటి కిందికి జారుతోందా? ఇంట్లో అందరి పేర్లూ చెప్పమనండి, మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఒక్కటున్నా చాలు, మూడూ వచ్చేదాకా ఆగక్కర్లేదు. హఠాత్తుగా నడక తూలినా, ఒక కంటికి చూపు పోయినా, ఎప్పుడూ లేనంత భయంకరమైన తలనొప్పి వచ్చినా అంతే. ఫోన్‌లో "మా ఆయనకు ఒంట్లో బాగోలేదు" అని కాకుండా "స్ట్రోక్‌లా ఉంది, ఇన్నింటికి మొదలైంది" అని చెప్పండి. అంబులెన్స్ రావడానికి చాలా సేపు పడుతుందంటే దొరికిన బండిలో బయల్దేరండి. దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి స్ట్రోక్ కేసు వస్తోందని చెబితే, వెళ్లేసరికి స్కాన్ దగ్గర మనిషి ఉంటాడు.

మొదలైన టైం మాత్రం చేతి మీదో, సిగరెట్ పెట్టె వెనకో, ఎక్కడో ఒకచోట రాసుకోండి. కంగారులో అందరూ మర్చిపోయేది అదే, ఆసుపత్రిలో అందరికంటే ముందు అడిగేదీ అదే. వాడుతున్న మందుల చీటీ కూడా జేబులో పెట్టుకోండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా తెలియాలి.